తెల్లగ విడిచిన గింజ

మా మేడమీద కిరాయికుండే మేడమ్ ఇగ లేదు. పోయిన నెల ఒక సోమవారం పొద్దుగాల దవాఖానకెల్లి ఫోన్ వచ్చింది. ఏ ఫోన్ మోగినా నాకు బుగులే, విమానం జర కిందికెల్లి పోయినా బుగులే. ఎప్పుడూ ఏం కాదు. ఆ పొద్దు అయింది. పొయ్యి మీద ఆమె కోసమే జావ పెట్టిన. పొయ్యి బంద్ చేసి, గిన్నె మీద మూత పెట్టి, అక్కడనే కూసున్న.

శంషాబాద్‌ల ఏర్‌పోర్ట్ కొత్తగ తెరిచిన కాలంల ఆమె మా ఇంటికొచ్చింది. కోస్తా దిక్కు మనిషి, యాభైకి దగ్గర పడ్డది, ఒక్కతే ఉంటది. ఆటోలకెల్లి కంప్యూటర్‌ను పసిబిడ్డను దించుకున్నట్టు దించింది. గగన్‌పహాడ్ దిక్కు ఒక ఆఫీసుల పని. మిషన్లల్ల పగిలిపోయిన ఇనుప ముక్కలు ఎందుకు పగిలినయో చూసే పని. "ఎక్స్‌రేతో చూస్తామండి" అన్నది. నేను రెండడుగులు ఎనకకు జరిగిన.

"ఎక్స్‌రే మంచిది కాదంటరు బిడ్డా. నీ బట్టలకు అంటుకొని మా ఇంట్లకు రాదు గద?"

"ఎక్స్‌రే తీసేది విదేశంలో పెద్దమ్మగారూ. నా దగ్గరికి వచ్చేవి కంప్యూటర్‌లో చుక్కలే. చుక్కలు కరవవు."

అయినా నాకు నమ్మకం కుదరలే. ఆమె బట్టలు ఆరేసుకోను వేరే తీగ కట్టిచ్చిన. ఇంకొకరైతే అలిగి ఇల్లు ఖాళీ చేసేటోళ్ళు. ఆమె దానికి చుక్కల తీగ అని పేరు పెట్టింది. తర్వాత నా భయం పోయింది గని, ఆమె మాత్రం ఆ తీగ విడువలే.

ఒకసారి గాలిదుమారానికి మిద్దె మీది డిష్ పక్కకు తిరిగి టీవీ పోయింది. ఆమె పైన నిలబడి తిప్పుతున్నది, నేను కింద టీవీ ముంగట.

"వచ్చిందా పెద్దమ్మగారూ?"

"రాలే! ఇంకా జర!"

"ఇప్పుడు?"

"అయ్యో, వచ్చింది పోయింది! ఎనకకు తిప్పు!"

బొమ్మ నిలబడ్డంక నవ్వుకుంట మెట్లు దిగింది. "రోజంతా నా సాఫ్ట్‌వేర్ చేసేది ఇదేనండి" అన్నది. చాయ్ తాగుకుంట చెప్పింది. ఇనుము మనకు ఒక్క ముద్ద లెక్క కనపడతది గని, లోపల గింజలు సందు లేకుంట అతుక్కొని ఉంటయట. ఒక్కో గింజ ఒక్కో దిక్కు తిరిగి ఉంటది. ఎక్స్‌రే తగిలితే ప్రతి గింజ కొన్ని చుక్కలను విసురుతది. ఈ గింజ ఇటు తిరిగి ఉన్నదేమో అని సాఫ్ట్‌వేర్ మొదలు ఒక అందాజ కడతది. గట్లయితే చుక్కలు ఎక్కడ పడాలె, నిజంగ ఎక్కడ పడ్డయి అని చూస్తది. తేడా ఉంటే గింజను జర తిప్పి మళ్ళ చూస్తది. కుదిరినంక దానికి ఒక రంగు. మూడో తరగతి చదివిన నాకు గూడ సమజయింది.

ఆ రోజుకెల్లి ఆమె ఆఫీసు నుంచి రాంగనే అడిగేదాన్ని, "ఎన్ని గింజలకు బొమ్మ వచ్చింది బిడ్డా?" అని. "ఇంకా జర" అనేది, అచ్చం నా తీరుగ.

కరెంటు పోయి కంప్యూటర్ కింద బ్యాటరీ డబ్బా కుయ్‌మంటే, తింటున్న ముద్ద విడిచి, ఎంగిలి చెయ్యి పైకి పట్టుకొని మెట్లెక్కి ఉరికేది. "జారుతవ్, మెల్లగ!" అని నేను కింద మొత్తుకునేదాన్ని. పని ఆగినప్పుడు కండ్ల మీద తడిగుడ్డ ఏసుకొని గోడకు ఒరిగేది. గంత కష్టం ఒక ఇనుప ముక్క కోసమా అంటే, "పగిలిన చోట మనుషులు ఉంటారు కదండీ" అనేది.

ఆఖరుకు చూసిన ముక్క బొమ్మను కాయితం మీద తీసి తన అర్రల గోడకు అంటించింది. రంగురంగుల బొంత లెక్క ఉండె. నడుమ మాత్రం గోరంత తెల్ల జాగ. ఒక సన్నని నల్ల గీత ఆ తెల్ల జాగ కాడనే మొదలైంది. అదే పగులు.

"ఇక్కడ రంగెందుకు ఏయలే?"

"ఈ గింజ ఎటు తిప్పినా కుదరడం లేదండి. తెలియనిచోట రంగు వేయకూడదు."

అప్పటికే ఆమెకు దగ్గు మొదలైంది. అది ఎక్స్‌రేతోనే అని నేను మళ్ళ అన్న. "చుక్కలు కరవవని చెప్పానా" అన్నది, దగ్గుకుంటనే. ఊపిరితిత్తుల్ల గడ్డ అని తర్వాత తెలిసింది.

ఒక ఆదివారం వాళ్ళ ఆఫీసు పెద్దసారు పలకరించ వచ్చిండు. గోడ దిక్కు చూసిండు.

"మేడమ్, పక్క గింజల రంగుతో నింపెయ్యండి. సాఫ్ట్‌వేర్‌ల ఒక్క బటన్. రిపోర్టు పోతేనే మీ కాంట్రాక్టు పెరుగుతది. ఎవరడుగుతరు?"

"పగులు అక్కడే మొదలైంది సార్. అడిగేది అక్కడే."

ఆయన పోయినంక నేను గూడ బతిమిలాడిన. కొలువు పోతే మందులకెట్ల? "నింపెయ్యి బిడ్డా, గోరంత గద." ఆమె నా చెయ్యి పట్టుకున్నది. "నేను నింపేస్తే ఇంకెవ్వరూ వెతకరు పెద్దమ్మగారూ."

కాంట్రాక్టు పెరగలే. మనిషి మంచానికి అంటుకపోయింది. దవాఖానల ముక్కు మీద మాస్కు పెట్టిన్రు. నేను పోయిన దినం మాస్కు తీసి, ఆగి ఆగి చెప్పింది. "అది ఒక గింజ కాదేమో. రెండు అతుక్కుని, కొన్ని చుక్కలు పంచుకుంటున్నాయేమో. ఒకటనుకుని తిప్పుతున్నాను. సార్‌కి చెప్పండి."

నాకెంత రంది అంటే, బస్సుల ఆరాంఘర్ దాటినా అదే పలుకుకుంట వచ్చిన. రెండు గింజలు, అతుక్కున్నయి, చుక్కలు పంచుకున్నయి. పక్క సీటామె నాకేమన్న అయిందా అని చూసింది. ఇంటికి పోకుంట గగన్‌పహాడ్‌ల దిగి, ఆఫీసు గేటు కాడ సారును పిలిపిచ్చి చెప్పిన. నేను తప్పు చెప్పిన్నేమో అని ఇంకో రెండుసార్లు చెప్పిన. ఆయన తల వంచుకొని విన్నడు. అది శనివారం నాటి ముచ్చట. సోమవారం ఫోన్ వచ్చింది.

దినాలు అయినంక సారు కంప్యూటర్ తీస్కపోను వచ్చిండు. చెప్పులిడిచి, అర్రల గోడ ముంగట శానసేపు నిలబడ్డడు.

"మేడమ్ చెప్పినట్టే రెండు పెట్టి చూసినం అమ్మా. ఒకదానికి కుదిరింది. రెండోది కుదరలే."

"మరి దాన్ని నింపినరా సారూ?"

"లేదు. మేడమ్ పేరు పెట్టి, అంతమేర తెల్లగనే రిపోర్టు పంపిన."

ఇప్పుడు ఆ అర్ర ఖాళీ. సున్నమేసేటాయన కాయితం గీకుతనంటే వద్దన్న, చుట్టూ ఏసి పోయిండు. రెండో గింజ ఎవరికన్న దొరుకుతదా, ఎవరన్న వెతుకుతరా అని ఇప్పుడు నాకు రంది. మాపటేళ బట్టలు తియ్య పోయినప్పుడు కిటికీలకెల్లి చూస్త. చీకటి పడుతుంటే ఎర్రది, పచ్చది, నీలిది ఒక్కొక్కటే నల్లబడి గోడల కలిసిపోతయి. ఆ గోరంత తెల్లది మాత్రం ఇంకా జరసేపు కనపడతది.