మొదటి మాటే రాసుకున్న మేడమ్

మా ఐదేళ్ళ పాప ఎలాంటిదో ఇంగ్లీషులో టైపు కొట్టించి, సంతకం పెట్టించి, రబ్బరు స్టాంపు కూడా వేయించుకున్న ఘనురాలిని నేను. రాసిచ్చేవాళ్ళు ఒక పేజీ చాలన్నారు. నేను బేరమాడి రెండు పేజీలు రాబట్టాను. భిలాయి సెక్టర్ 7లో మా వరస క్వార్టర్లన్నిటిలోనూ ఇంకెవరి పిల్లకీ అలాంటి కాగితం లేదు. అందులో ఏముందో ఎవరి చేతా చదివించుకోకుండానే నేరుగా తీసుకెళ్ళి బడిలో ఇచ్చాను. ఇంత తెలివైన పని మా వంశంలో ఎవరూ చేసి ఉండరు.

మా వంశం తక్కువదేం కాదు. విజయనగరంలో మా నాన్నదీ, ఇద్దరు చిన్నాన్నలదీ వరసగా మూడు బట్టల కొట్లు. నేను నడక నేర్చింది తానుల మధ్య. కొట్లో మొదటి మాట ఎవరూ నిజం చెప్పరు, చెప్పినా ఎవరూ నమ్మరు. కొనే ఆవిడ చీర అంచు నలిపి చూసి, "ఇది రెండు ఉతుకులకి ఆగదు" అంటుంది. కొనడానికే అంటుంది. మా నాన్న "నాకే గిట్టుబాటు కాలేదమ్మా" అంటాడు. అమ్మడానికే అంటాడు. మాట అటూ ఇటూ నాలుగు సార్లు తిరిగాక అసలు మాట బయటపడుతుంది. దీన్ని మేం అబద్ధం అనుకోలేదు, మర్యాద అనుకున్నాం.

తొంభైల్లో సంగతి. దుర్గ్‌లో ఒక కాలేజీలో సైకాలజీ చెప్పే మేడమ్ పరిశోధన చేస్తోంది. భిలాయి ఉక్కు ప్లాంటులో షిఫ్టు డ్యూటీలు చేసేవాళ్ళ ఇళ్ళలో పిల్లలు ఎలా ఎదుగుతారు, అమ్మానాన్నలతో ఎలా మసలుతారు, ఇదీ ఆమె విషయం. తెలుగమ్మాయే. ఆఫీసరు గారి కూతురు, తోట ఉన్న బంగళాలో పెరిగింది. పాప వెళ్ళే బాలమందిరం నుంచి మా చిరునామా తీసుకుని వచ్చింది.

"ఇందులో నాకేటొస్తాది మేడమ్?" అన్నాను.

"డబ్బులేమీ ఇవ్వమండీ."

"డబ్బులెవరడిగినారు? పాప గురించి ఓ కాగితం రాసియ్యండి. సంతకంతోటి."

నా ఎత్తు వేరే. మరుసటి ఏడు పాపని ఇంగ్లీషు మీడియం బడిలో ఒకటో తరగతిలో చేర్పించాలి. సీట్లు కొన్నే, తిరిగేవాళ్ళు ఎందరో. కాలేజీ స్టాంపు ఉన్న కాగితం చూపిస్తే మనకి ముందు వరస దొరుకుతుందని నా లెక్క.

మేడమ్ మూడు సార్లు వచ్చింది. ప్రతిసారీ పొద్దున్న పదకొండింటికే, ప్రతిసారీ ఒక గంట. ఫైలు ఒళ్ళో పెట్టుకుని అడిగేది.

"పాప ఎలాంటిది?"

పరాయి మనిషి ముందు కన్నబిడ్డని పొగిడితే దిష్టి తగులుతుంది. ఆ సాయంత్రమే ఉప్పూ మిరపకాయలూ తీసి దిగదుడవాలి. అందుకని, "ఎలాటిదేటి మేడమ్, ఒట్టి మొద్దు. ఏటీ రాదు. ఉత్త మొండిఘటం" అన్నాను.

మా వీధిలో ఏ ఆడది విన్నా, "అదేటమ్మా, బంగారంలాటి పిల్లని పట్టుకుని" అని తీరాలి. అప్పుడు నేను కాస్త బెట్టు చేసి, "ఏదో, నూరుదాకా లెక్కెడతాది, హిందీ బోర్డులు సదివేస్తాది" అంటాను. అంతవరకూ వస్తేనే అది పూర్తి సంభాషణ. నేను ఆగి చూశాను. మేడమ్ తలెత్తలేదు. రాసుకుంది.

"నాన్నతో ఎలా ఉంటుంది?"

"ఆయనకి ప్లాంటే పెళ్ళాం, ప్లాంటే పిల్లలు."

మళ్ళీ ఆగాను. మళ్ళీ రాసుకుంది. అదే సమయానికి ఆ మనిషి రాత్రి డ్యూటీ చేసొచ్చి లోపలి గదిలో మొహం మీద దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నాడు. ఆ నిద్రని కూడా రాసుకుంది. సాయంత్రం లేచి పాపని సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బజారుకి తీసుకెళ్తాడు. దారిలో కనబడ్డ ప్రతి బోర్డూ చదివిస్తాడు. సాయంత్రాలు మేడమ్ రాలేదు మరి.

ఇక పాప. "మేడమ్ ముందు వాగకు. చేతులు కట్టుకుని కూకో" అని ముందే చెప్పి ఉంచాను. పిచ్చిది, మూడు రోజులూ అలాగే కూర్చుంది.

ఇంగ్లీషు మీడియం బడి హెడ్మిస్ట్రెస్ నా రెండు పేజీలూ చదివి, మడిచి, నా చేతికే తిరిగి ఇచ్చేసింది. "ఇలాంటి పిల్లలకి మా దగ్గర టీచర్లు లేరు" అంది హిందీలో. ఎలాంటి పిల్లలని అడిగితే విప్పి అర్థం చెప్పింది. పిల్లకి వయసుకు తగ్గ ఎదుగుదల లేదట. నలుగురిలో కలవదట. తండ్రికి పట్టదట. తల్లికి పిల్లంటే చిన్నచూపట. పాప ఆ గది బయటే బెంచీ మీద ఉంది. ఒక్కసారి లోపలికి పిలిచి నీ పేరేంటని అడగలేదు. తలుచుకుంటే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది. కూరగాయలు కొనే మనిషి కూడా వంకాయని తిప్పి చూశాకే పారేస్తుంది కదా.

ఇంటికొస్తే మా ఆయన, "సదివించకుండా ఇచ్చేసినావేటే? నన్ను లేపలేకపోనావా?" అన్నాడు.

"నైటు చేసొచ్చినోడ్ని లేపితే అది కూడా రాస్తాదేమోనని భయం" అన్నాను. ఆయన నవ్వలేదు.

మర్నాడు పాపని చంకనేసుకుని, టెంపో ఎక్కి దుర్గ్ వెళ్ళాను. మేడమ్ గదిలో ఫైళ్ళు నిలువెత్తున ఉన్నాయి. ఒక్కో ఫైలూ ఒక్కో ఇల్లు.

"మూడంటే మూడు గంటలు కూకుని మా సంసారం అంతా తేల్చేసినారా మేడమ్?"

"మీరు చెప్పిందే రాశానండీ." ఫైలు తీసి చూపించింది. నా మాటలే, ఆమె దస్తూరీలో. మొద్దు. మొండి. ప్లాంటే పెళ్ళాం.

"అన్నాను. అన్నదల్లా రాసేస్తారా? ఒక్కపాలైనా 'అవునా' అని అడగొద్దా?"

"మధ్యలో నేను అడ్డు చెప్పకూడదు. మా పద్ధతి అది."

"ఏటి పద్ధతి? మీ అమ్మగారు నలుగురిలో 'మా అమ్మాయి సరస్వతీదేవి' అని చెప్పుకునేవారా?"

ఆమె పెన్నుకి మూత పెట్టింది. "దేనికీ పనికిరాదు అనేది" అంది.

"మరి పనికిరాకండా పోనారా?"

"ఆ మాట మర్చిపోలేకే ఈ పరిశోధన మొదలెట్టానండీ."

అక్కడితో నోరు మూసుకోవలసింది. నేను బజారు మనిషిని, మూయలేదు. కాగితంలో నాలుగు మాటలున్నాయి కదా, మూడు తీసేయమన్నాను. పోనీ రెండు. ఇది బేరం కాదండీ అంటూనే, మొత్తానికి మేడమ్ పాపని మళ్ళీ ఒకసారి చూడటానికి ఒప్పుకుంది.

రంగులేసిన చెక్క ముక్కలు బల్ల మీద పోసి, బొమ్మ చూపించి, అలా పేర్చమంది. ఈసారి వాగమని పాపకి ముందే చెప్పాను. పాప ముక్కల వంక చూడలేదు, నా వంక చూసింది.

"ముఝే నహీ ఆతా" అంది. అంటూనే పేర్చేసింది.

మేడమ్ ఇంకో బొమ్మ చూపించింది, కష్టమైనది. "నాకు రాదు" అంది, ఈసారి తెలుగులో. చేతులు ఆగలేదు. అదీ అయిపోయింది. అలా ఐదు బొమ్మలు. ఐదూ సరిగ్గానే పేర్చింది, ప్రతిదానికీ ముందు రాదనే అంది. రాదు అనడం కూడా ఆటలో భాగమే అనుకుంటోంది. ఎవరూ నేర్పకుండా రాదు కదా అది.

మేడమ్ తలెత్తింది. పాపని కాదు, నన్ను చూసింది. పెన్ను పక్కన పెట్టేసి ఉంది. ఏమైనా అంటానేమోనని ఆగింది. అన్నాళ్ళూ నేను ఎదురు చూసిన అవకాశం అదే. నేను వంగి బల్ల మీది చెక్క ముక్కలు ఒక్కొక్కటే ఏరసాగాను.

కొత్త కాగితం రాసిచ్చింది. ఎదుగుదల మాట తీసేసింది. కలవదన్న మాటా, తండ్రి మాటా తీసేసింది. "నాలుగోది, తల్లికి చిన్నచూపన్న మాట, ఉంచుతానండీ" అంది. నేను బేరమాడలేదు.

దాన్ని పట్టుకుని బడికి వెళ్ళేసరికి సీట్లు నిండిపోయాయి. పాప ఆ ఏడు కూడా బాలమందిరంలోనే, తనకన్నా చిన్న పిల్లల మధ్య కూర్చుంది. ఆ ఏడాది బడి ఖాతాలోది. పిల్ల మొహం చూడకుండా పంపేసినందుకు ఆ బడిని నేనింకా క్షమించలేదు. అడ్డు చెప్పకూడదని ఊరుకుని, పరాయి భాషలో కాగితం చేతిలో పెట్టినందుకు మూడు తప్పు మాటలు మేడమ్ ఖాతాలోవి. వాటిని ఆమె తన చేత్తోనే కొట్టేసింది. పాప పదో తరగతిదాకా ఏ ప్రశ్నకైనా ముందు "రాదుగానీ" అని, ఆ తర్వాత జవాబు చెప్పేది. జవాబు ఎప్పుడూ సరిగ్గానే ఉండేది. టీచర్లు చాలామంది మొదటి మాట దగ్గరే ఆగిపోయి పక్క పిల్లని అడిగేవారు. అలా పోయిన జవాబులు ఎన్నో నేను లెక్కపెట్టలేదు. అవన్నీ నావి.