మా పేట మెంబరు ఎత్తిన చెయ్యి

మా మామ పోయిన కబురు నాకు ఎవరూ వచ్చి చెప్పలేదు. ముందు గల్లీ మొదట్లో మగ్గాలు ఆగాయి, ఆ తర్వాత పక్కింట్లో. పట్టపగలు జోడ్‌భావి పేటలో మగ్గాలు ఆగాయంటే సమ్మె అయినా అయి ఉండాలి, చావైనా అయి ఉండాలి. నేను మగ్గం గుంటలోంచి లేచి బయటికి వచ్చేసరికి అత్తమ్మ ఏడుపు వినపడింది.

ఆయన మా అమ్మకు తోడబుట్టినవాడు. పేటకంతా మెంబరు సాబ్. స్వాతంత్ర్యం వచ్చిన తర్వాత షోలాపూర్ మున్సిపాలిటీకి మా పేట నుంచి గెలిచిన సాలె మనిషి. మీలో చాలామందికి ఆయన తెలియదు. తెలిసినవాళ్లలో చాలామందికి ఆయన మీద కోపం. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

సభ ఉన్న రోజు ఆయన పొద్దున్నే మగ్గం నేస్తూనే మరాఠీలో మాట్లాడటం అభ్యాసం చేసేవాడు. నూలు కండె పెట్టిన నాడె అటూ ఇటూ పరుగెత్తుతుంటే, “అధ్యక్ష మహారాజ్...” అని మొదలుపెట్టేవాడు. అత్తమ్మ ఇక్కడే పుట్టి పెరిగింది, మరాఠీ బాగా వచ్చు. పొయ్యి దగ్గర నుంచే దిద్దేది.

“‘పానీ’ గాదు, ‘పాణీ’ అనుండ్రి. మరాఠోల్లు నవ్వుతరు.”

“నవ్వనియ్యే. నవ్వెటోడు ఇంటడు, నిద్రవోయెటోడు ఇనడు” అనేవాడు మామ.

నేను ఒకటి రెండుసార్లు ఆయన వెంట వెళ్లి, వెనక బల్ల మీద కూర్చుని సభ చూశాను. అధ్యక్షుడు ఠరావు, అంటే తీర్మానం, చదివి “హాత్ వర్ కరా” అనేవాడు. చేతులు లేచేవి. మిల్లు రోడ్డు వెడల్పు చెయ్యడానికి వేపచెట్లు కొట్టెయ్యాలన్నప్పుడు కాదని చెయ్యి ఎత్తినవాడు మా మామ ఒక్కడే. వాన నీళ్లు నిలిచే పల్లం పూడ్చి ప్లాట్లు చెయ్యాలన్నప్పుడూ అంతే. ఊరి చెత్తంతా నాలా పైన పొయ్యాలన్నప్పుడు ఇంకెవరో ఒకాయన తోడు వచ్చాడు గానీ, సగం లేపిన చెయ్యి చుట్టూ చూసి దించేసుకున్నాడు.

“ఓడిపోతదని ఎరికుండి ఎందుకు లేపుతవు మామా?” అని తిరిగి వచ్చే దారిలో అడిగాను.

“ఓడిపోయిన చెయ్యి గూడ చెయ్యేరా అల్లుడా. కండ్లున్నోడు సూస్తడు” అన్నాడు.

అన్నీ ఇట్లా ఓడిపోయి ఉంటే ఆయన హాయిగా పోయేవాడేమో. ఆయన ఎత్తిన చెయ్యి ఒక్కసారి గెలిచింది. మా పేటలో రంగు బట్టీలు పెట్టుకోవడానికి అనుమతి ఇవ్వాలన్న ఠరావు అది. అంతకుముందు నూలుకు రంగు వేయించాలంటే ఊరు దాటి మోసుకుపోవాలి. బట్టీలు ఇక్కడికే వస్తే మనవాళ్లకు పని దొరుకుతుందని ఆయన నమ్మాడు. అందరి చేతులతో పాటు ఆయన చెయ్యీ లేచింది. ఆ రోజు గల్లీలో పేడా మిఠాయిలు పంచారు. నేనూ తిన్నాను.

పని దొరికిన మాట నిజం. బట్టీల వెనక గుంటల్లో రంగు నీళ్లు నిలిచాయి, పొంగి నాలాలో పడ్డాయి. నాలా పక్కనే మా బావి. రెండు ఎండాకాలాలు గడిచాక, ఒక మధ్యాహ్నం నేను వాళ్లింట్లోనే ఉన్నాను. అత్తమ్మ అన్నం వడ్డించింది. అన్నం లేత ఎరుపు తిరిగి ఉంది. ఆమె కంగారుపడి పళ్లెం తీయబోతే మామ చెయ్యి అడ్డం పెట్టాడు.

“ఉండనియ్యి. నేను చెయ్యి లేపితె ఒండిన అన్నం ఇది” అన్నాడు. మెతుకు మిగల్చకుండా తిన్నాడు.

ఆ తర్వాత ఆయనకు వేరే ఆలోచన లేకపోయింది. బట్టీలను ఊరవతలికి తరలించాలని తనే ఠరావు పెట్టాడు. సభ రోజు పొద్దున్నే గల్లీకి గల్లీ ఆయన వాకిట్లోకి వచ్చి నిలబడింది. అందరికంటే ముందు నిలబడింది రంగు నూలు కండెలు చుట్టి పిల్లలను సాకుతున్న ఒక విధవ.

“మెంబరు సాబ్, బట్టీలు ఊరవతల వోతె నా పని గూడ అటే వోతది. నా పోరగాండ్లకు ఏం వెట్టాలె?”

“ఆ పోరగాండ్లే గదమ్మా ఈ నీళ్లు తాగుతున్నరు. బాయి సచ్చింది, నువ్వు సూస్తలేవా?”

“బాయి సస్తె ఇంకో బాయి కాడికి పోతం. పని సస్తె యాడికి పోతం?”

మామ టోపీ పెట్టుకుని, వాళ్ల మధ్య నుంచే సభకు వెళ్లాడు. జనం దారి ఇచ్చారు, ఒక్కరూ వెంట రాలేదు. సభలో ఆయన చెయ్యి ఒక్కటే లేచింది. ఈసారి ఎవరూ నవ్వను కూడా నవ్వలేదు.

తర్వాతి ఎన్నికల్లో బట్టీల యజమాని ఒకాయన ఎదురు నిలబడి గెలిచాడు. మా సొంత గల్లీ వాళ్లు కూడా మామకు వెయ్యలేదు. వాళ్లను తిట్టడానికి నాకు నోరు రాదు. మామ కూడా తిట్టలేదు. మగ్గం గుంటలోకి దిగి చద్దర్లు నేసుకున్నాడు. మున్సిపాలిటీ వాళ్లు వచ్చి బావి మీద రాతి పలకలు కప్పారు. ఆడవాళ్లు బిందెలు పట్టుకుని రెండు పేటల అవతల నల్లా దగ్గర వరస కట్టడం మొదలైంది. ఆ వరసలో కండెలు చుట్టే ఆమెనూ చూశాను. కొంతకాలానికి మామకు కడుపునొప్పి మొదలైంది. నీళ్ల వల్లనే అని నేననను, డాక్టరు అనలేదు. చిక్కి చిక్కి, ఒక రోజు పోయాడు.

మున్సిపాలిటీ సభలో ఆయనకు సంతాపం తెలుపుతూ ఠరావు చేశారట. పెట్టింది ఆ బట్టీల యజమానే. అందరూ లేచి నిలబడ్డారట. మా మామ పేరు మీద ఏకగ్రీవంగా నెగ్గిన ఠరావు అదొక్కటే. ఆ తర్వాత, అదే సభలో, ఇంకో బట్టీకి అనుమతి ఇచ్చారు.

పదో రోజు నాలా ఒడ్డున పిట్టకు పెట్టాం. ఆయనకు పిల్లలు లేరు, అన్నీ నేనే చేశాను. ఆకులో అన్నం, జొన్నరొట్టె, ఆయన ఇష్టంగా తినే శేంగా చట్నీ, అదే పల్లీల పొడి, పెట్టాం. కాకులు తుమ్మచెట్టు మీద వాలాయి గానీ కిందికి దిగలేదు. ఎండ ముదిరింది.

“ఏదో కోర్కె మిగిలింది. మాటియ్యుండ్రి, వస్తది” అన్నాడు కులపెద్ద.

“అత్తమ్మను నేను సూసుకుంట మామా” అన్నాను. రాలేదు. “నీ మగ్గం అమ్మనియ్య” అన్నాను. రాలేదు.

అప్పుడు వెనక నుంచి కండెలు చుట్టే ఆమె మెల్లగా అంది. “బట్టీలు ఊరవతలికి పంపుతమని చెప్పుండ్రి.”

ఆ కోరిక అక్కడ ఎవరికి తెలియదు? కర్మకు వచ్చిన కొత్త మెంబరు నేల చూశాడు. బట్టీల్లో పనిచేసేవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నా మగ్గం మీద ఉన్న నూలూ ఆ బట్టీల నుంచి వచ్చిందే. కులపెద్ద నా వైపు చూశాడు. నేను తుమ్మచెట్టు వైపు చూశాను.

అత్తమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. “ఆయనకు అబద్ధం చెప్పకుండ్రి. పోనియ్యుండ్రి” అంది.

అయ్యవారు నాలుగు దర్భలు మెలిపెట్టి కాకి బొమ్మ చేశాడు. దాని ముక్కును అన్నానికి తాకించి, అయిపోయింది లెమ్మన్నాడు. మేం స్నానాలకు లేచాం. కొంత దూరం పోయి వెనక్కి చూస్తే, ఆ గడ్డి కాకి ఆకు మీద ఒరిగిపోయి ఉంది. గాలి వచ్చినప్పుడల్లా దాని ముక్కు మెతుకులకు తగిలి, మళ్లీ పైకి లేస్తోంది.