ఎర్రగా ఉన్నంతసేపూ సంతకం పెట్టను

నేను కళాయి సాయిబు కూతుర్ని. మా అబ్బాజాన్ కొలిమితిత్తి భుజాన వేసుకుని ఆదోని వీధులన్నీ తిరిగి ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు. నేను కెమిస్ట్రీ చదివి పత్తిగింజల నూనె మిల్లు ల్యాబులో చేరినప్పుడు, ఈ సంగతి అక్కడ చెప్పొద్దని ఒకరిద్దరు హితవు పలికారు. ఎందుకు చెప్పకూడదు? ఆ ల్యాబులో నన్ను నిలబెట్టిన చదువులో సగం ఆయన దగ్గర నేర్చుకున్నదే.

పూతకు ముందు ఆయన గిన్నెను చింతపండుతోనూ ఇటుకపొడితోనూ తోమి, లోపల తెల్లగుడ్డతో తుడిచి చూసేవాడు. గుడ్డకు మరక అంటితే మళ్లీ తోముడే. ఇంటావిడ ఎంత తొందరపెట్టినా ఆయన వినడు. "మరక మింద పూస్తే రేపు నీ పులుసులోకే దిగుతాదమ్మా" అనేవాడు. అందుకే ఆయనకు జాగు సాయిబని పేరొచ్చింది. ఆ పేరుకు ఆయన ఎప్పుడూ సిగ్గుపడలేదు.

ఎనభైల మధ్యలో మా మిల్లువాళ్లు బొంబాయిలో ఎవరో వాడి అమ్మేసిన లిక్విడ్ క్రొమటోగ్రాఫ్ మిషన్ ఒకటి కొనుక్కొచ్చారు. ఒక పంపు, సన్నటి స్టీలు గొట్టాలు, వాటి మధ్య కాలమ్ అనే లావుపాటి గొట్టం, చివర కాగితం మీద గీత గీసే పెన్ను. నూనె తీశాక మిగిలే, మేతగా అమ్మే చెక్కలో గాసిపాల్ అనే విషం ఎంత ఉందో అది చెప్పాలి. విషం ఎక్కువుంటే గీత అంత ఎత్తు లేస్తుంది. ఎదిగిన ఎద్దులు దాన్ని కొంత తట్టుకుంటాయి గానీ కోడిపిల్లలు తట్టుకోలేవు. అందుకని కొన్ని చెక్కలకు అన్నభేది అనే ఇనుప లవణం కలిపేవారు. అందులోని ఇనుము విషాన్ని పట్టేసుకుంటుంది.

చిక్కంతా అక్కడే ఉంది. అన్నభేది కలిపిన చెక్కను పరీక్షించాక ఇనుము గొట్టాల్లో మిగిలిపోతుంది. ఆ వెనకే ఇంకో చెక్కను పరీక్షిస్తే దాని విషాన్ని కూడా ఆ ఇనుమే పట్టుకుంటుంది. గీత పొట్టిగా లేస్తుంది. విషం ఉన్నా లేనట్టు కనబడుతుంది. కోళ్లకు పెట్టొచ్చని నా సంతకంతో కాగితం పోతుంది.

ఈ సంగతి నేను తొందరగానే కనిపెట్టాను. కనిపెట్టి ఏం చేశాను? చింతపండు రసం తీసి, మూడు మడతల గుడ్డలో వడగట్టి, మిషన్లోకి ఎక్కించాను! కళాయి సాయిబు కూతురికి తప్ప ఇంకెవరికీ తట్టని ఆలోచన. పావుగంటలో గొట్టాలు పూడుకుపోయి పంపు మొరాయించింది. దాన్ని బాగుచేసుకునేసరికి మూడు రోజులు పట్టింది. "ఇదేమన్నా మీ ఇంట్లో దబరా అనుకుంటివా?" అని మేనేజరు అందరి ముందూ కడిగేశాడు. ఆనాటి నుంచి ల్యాబులో నా పేరు చింతపండు. ఆ అవమానంతో కడగడం అనే మాటే ఎత్తడం మానేశాను. రసం ఎక్కించడం చిన్న తప్పు. నోరు మూసుకోవడం పెద్ద తప్పు.

కొన్ని వారాలకు గోనెగండ్ల నుంచి ఒకావిడ వచ్చి మిల్లు గేటు దగ్గర గంప దించింది. గంపలో చచ్చిన కోడిపిల్లలు ఉన్నాయి.

"మీ కాయితం సూసే గదప్పా మేపితిమి. ఏమాయనో సెప్పండి."

"రోగం వచ్చింటాదిలేమ్మా, పో" అన్నాడు మేనేజరు.

నేను లోపలికెళ్లి రిజిస్టరు తీశాను. ఆమె కొన్న చెక్కను పరీక్షించింది అన్నభేది చెక్క వెనకే. కింద నా సంతకం ఉంది. సిగ్గుతో రిజిస్టరు మూసేశాను. సాయంత్రానికి ఆ సిగ్గు కోపంగా మారింది. మేనేజరు మీద కన్నా నా మీద నాకే ఎక్కువ కోపం.

నాలుగు రోజులకే మళ్లీ అదే వరస వచ్చింది. పొద్దున అన్నభేది చెక్క, దాని వెనకే ఎమ్మిగనూరులో ఒక కోళ్లఫారానికి పోవలసిన చెక్క. గేటు దగ్గర లారీ నిలబడి ఉంది. గీత పొట్టిగా లేచింది. మేనేజరు రిపోర్టు నా ముందు పెట్టాడు.

"పెట్టు సంతకం."

"పెట్టను సార్. ముందు మిషన్ కడగల్ల."

"మళ్లా చింతపండా?" అన్నాడు. అందరూ నవ్వారు.

"ఈసారి యాసిడ్."

"లోడు నిలబెడతావా? పనిలో ఉండాలని లేదా?"

"ఉండాలనే ఉంది. సంతకం మాత్రం పెట్టను."

యాసిడ్ తగిలి పాడవకుండా కాలమ్ విప్పి పక్కన పెట్టాను. పలచటి నైట్రిక్ యాసిడ్‌ను గొట్టాల గుండా పంపి, బయటికొచ్చిన దాన్ని టెస్ట్ ట్యూబులో పట్టాను. అందులో థయోసయనేట్ ద్రావణం ఒక్క చుక్క వేశాను. ఇనుముంటే అది ఎర్రబడుతుంది. నెత్తురులా ఎర్రబడింది. ట్యూబు తీసుకెళ్లి మేనేజరు ముక్కు ముందు పట్టుకున్నాను.

"ఇది మన మిషన్లో ఉండే ఇనుము సార్. ఇది తెల్లబడేదాకా నా పెన్ను మూత తియ్యను."

ఇంక ఎవరూ నవ్వలేదు. రెండోసారికి రంగు తగ్గింది. మూడోసారికి గులాబీ జాడ మిగిలింది. నాలుగోసారికి నీళ్లలా తేటగా వచ్చింది. అది మా అబ్బాజాన్ తెల్లగుడ్డే, ఇంకేం కాదు. యాసిడ్ పూర్తిగా పోయేదాకా నీళ్లు పంపి, కాలమ్ బిగించి, ఆ చెక్కనే మళ్లీ పరీక్షించాను. పెన్ను లేచి కాగితం పై అంచును కొట్టుకుంది.

"మొదటిదే పంపు" అన్నాడు మేనేజరు గొంతు తగ్గించి.

రెండు గీతల కాగితాలనూ రిజిస్టరులో పక్కపక్కన అంటించాను. రెండోదాని కింద సంతకం పెట్టాను.

"మొదటిదాని కింద మీరు పెట్టండి సార్."

ఆయన పెట్టలేదు. లారీ ఖాళీగా వెళ్లిపోయింది.

మిషన్ శుభ్రంగా ఉండగానే బీరువాలో మిగిలిన గోనెగండ్ల సాంపిల్ కూడా తీసి పరీక్షించాను. పెన్ను మళ్లీ పై అంచుకు తగిలింది. ఆదివారం బస్సెక్కి ఆమె ఊరికి పోయాను. ఆమె షెడ్డు ఖాళీగా ఉంది.

"రోగం కాదమ్మా. చెక్కలో విషముండె. నేను మిషన్ కడక్కుండా చూసి, బాగుందని సంతకం పెట్టినా. తప్పు నాది."

ఆమె ఖాళీ షెడ్డు వైపు చెయ్యి చూపింది.

"ఇప్పుడు సెప్తే నా పిల్లలు లేసొస్తాయా?"

"రావు."

తిడుతుందనుకున్నాను. తిట్టినా పడాలనే వచ్చాను. ఆమె లోపలికి పోయి, పాత పేపర్లో ఏదో పొట్లం కట్టుకొచ్చి నా చేతిలో పెట్టింది. విప్పి చూస్తే చెక్క.

"ఇది ఇంగో మిల్లుది. ఈసారి కడిగి సూడు."