మొదటి కిక్కు

నరసాపురం రేవు రోడ్డులో ఏసురాజు బైకు షెడ్డుకి ఒక కట్టుబాటు ఉంది. ఇంజన్ విప్పి బిగించిన బండికి మొదటి కిక్కు ఎవరు కొడితే దాని పూచీ వాళ్లది. తర్వాత బండి దారిలో ఆగిపోతే గిరాకీ వచ్చి ఆ మనిషినే తిడతాడు. మిగతావాళ్లు తలెత్తి చూడరు. రెబెక్కా ఆ షెడ్డులో చేరి ఏడాది దాటింది. ఆమెకు ఒక్క కిక్కూ దక్కలేదు.

అంతకుముందు ఆమె లేసు అల్లేది. ఏజెంట్లు దారం ఇవ్వడం తగ్గించారు. భర్త సుకుమార్ వేటకి బోటెక్కితే ఎప్పుడొస్తాడో తెలియదు. ఇంట్లో ఉన్న పాత మోపెడ్‌ను తనే విప్పి, తనే బిగించుకునే అలవాటుంది కాబట్టి వెళ్లి ఏసురాజుని పని అడిగింది. హెల్పర్లందరూ భీమవరం షోరూములకి పోవడంతో అతను కాదనలేకపోయాడు. అంతే తప్ప, ఇష్టపడి చేర్చుకోలేదు.

"సామాను కడుగు. స్పానరు ముట్టుకోకు" అన్నాడు మొదటిరోజే. "లేసు పిన్ను అనుకున్నావేమో, వేళ్లు నలిగిపోతాయి."

ఏసురాజు నేర్పే రకం కాదు. ముఖ్యమైన పని వచ్చినప్పుడల్లా ఆమెకు వీపు పెట్టి కూర్చునేవాడు. పక్కకి జరిగి చూడబోతే "గాలి ఆడటం లేదు, అటు పో" అనేవాడు. రెబెక్కా అటే పోయి కూర్చునేది. కిరసనాయిలు పళ్లెంలో ఒక్కో ముక్కా కడిగి, అతను విప్పిన వరసలోనే గోనెపట్టా మీద పేర్చేది. ఏ ముక్క తర్వాత ఏది లోపలికి వెళుతుందో ఆ పట్టా మీదే నేర్చుకుంది.

ఆ మధ్యాహ్నం అబ్బాయిరాజు బండికి బోరు పని, అంటే ఇంజన్ విప్పి కొత్త పిస్టన్ వేసే పని, పూర్తయింది. ఆయన మొగల్తూరు వైపు రొయ్యల చెరువుల ఆసామి. ఇంట్లో కారున్నా చెరువు గట్ల మీద తిరగడానికి ఈ పాత బండే కావాలంటాడు. పంటు ఎక్కి గోదావరి దాటి అవతల సఖినేటిపల్లిలో పెళ్లిచూపులకి వెళ్లాలని కుర్చీలో కూర్చుని కాలు ఊపుతున్నాడు.

"ఏవోయ్ ఏసురాజూ, పంటు నాకోసం ఆగదు."

"ఆయ్, అయిపోయిందండి రాజుగారూ" అంటూ ఏసురాజు చివరి బోల్టు బిగించి లేచాడు. బెంచీ దగ్గర ఒక్క క్షణం ఆగాడు. కొత్త పిస్టన్ వచ్చిన ప్లాస్టిక్ సంచి కింద పడి ఉంది. దాన్ని చెప్పుకాలితో బెంచీ కిందికి నెట్టాడు. తర్వాత గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, ఏడాదిలో ఎన్నడూ లేనంత మెత్తగా పిలిచాడు.

"రెబెక్కా, రామ్మా. ఇవాళ కిక్కు నువ్వు కొట్టు."

రెబెక్కా బండి దగ్గరకు వెళ్లలేదు. వంగి బెంచీ కింద నుంచి సంచి తీసింది. లేసు పనిలో ఆమెకు ఒక అలవాటు పడిపోయింది. పువ్వు పూర్తయ్యాక దారం మిగిలితే ఎక్కడో ఒక ముడి తప్పినట్టేనని అత్తగారు మళ్లీ మొదటి నుంచీ లెక్క పెట్టించేది. అందుకే పని అయ్యాక మిగిలినదాన్ని చూడకుండా ఉండలేదు.

సంచిలో సన్నటి తీగ చుట్ట ఒకటి ఉంది. పిస్టన్ పిన్ను పక్కకి జరగకుండా రెండు చివర్లా కూర్చోబెట్టే లాకు అది. సంచికి రెండు వస్తాయి. రెండూ లోపల ఉండాలి.

"మేస్త్రిగారూ, ఒక లాకు బయటే ఉందండి."

"అది పాతది."

"పాతవి రెండూ పళ్లెంలోనే ఉన్నాయండి. నేనే కడిగాను."

ఏసురాజు మొహం నల్లబడింది. కళ్లజోడు పెట్టుకోమని భార్య ఏడాదిగా పోరుతోంది. అతను వినడం లేదన్న సంగతి వీధి అంతటికీ తెలుసు. "బండి మీద చెయ్యి పడిందంటే చూడు. నాకు పని నేర్పుతావా నువ్వు? కడిగే మనిషివి కడుక్కో."

"అది లేకపోతే ఏమవుతుంది?" అని అడిగాడు అబ్బాయిరాజు, కాలు ఊపడం ఆపి.

"పిన్ను జరిగి బోరు గీసేస్తదండి. అవతలి గట్టు మీదే ఆగిపోవచ్చు" అంది రెబెక్కా.

"నువ్వే విప్పు అయితే. లాకు లోపలే ఉందనుకో, ఈ రోడ్డులో ఎవడూ నీ చేతికి స్పానరు ఇవ్వకుండా నేను చెబుతాను."

ఆయన ఆ మాట తమాషాకి అనలేదు. రెబెక్కా కొంగు నడుముకి దోపి కూర్చుంది. కడిగి, పేర్చి నేర్చుకున్న పనిని ఆ షెడ్డులో మొదటిసారి స్పానరు పట్టి చేస్తోంది. హెడ్డు వచ్చింది, సిలిండర్ వచ్చింది. పిస్టన్‌కు ఒక పక్క లాకు ఉంది. రెండో పక్క గాడి ఖాళీగా ఉంది.

అబ్బాయిరాజు వంగి చూసి, ఏసురాజు వైపు చూసి, కుర్చీని రెబెక్కా పని చేస్తున్న వైపుకి తిప్పుకుని కూర్చున్నాడు. ఏసురాజుకి తిట్టుకన్నా అదే ఎక్కువ తగిలింది.

లాకు జారి ఇంజన్‌లో పడకుండా రెబెక్కా కింద రంధ్రంలో గుడ్డ కుక్కి, దాన్ని గాడిలోకి నొక్కింది. అది టిక్కుమని కూర్చుంది. గుడ్డ తీసేసి, సిలిండర్, హెడ్డు ఎక్కించి, ఇంజన్ లోపలి టైమింగ్ చైను చేతిలోకి తీసుకునేసరికి వెనక నుంచి ఏసురాజు గొంతు వినిపించింది.

"గుర్తుకి గుర్తు కలవాలని తెలుసా నీ మొహానికి? ఒక్క పన్ను అటు పడితే వాల్వులు వంగుతాయి. అప్పుడు ఏడుద్దువుగాని."

ఏడాదిలో అతను నోటితో చెప్పిన పాఠం అదొక్కటే. రెబెక్కా చైను చక్రం మీది గుర్తును హెడ్డు మీది గుర్తుతో కలిపింది. మళ్లీ ఒకసారి తిప్పి చూసుకుంది.

అన్నీ బిగించి లేచి, కాలు కిక్కు మీద పెట్టింది.

"ఎవరు కొట్టమన్నారు?" అన్నాడు ఏసురాజు.

"ఎవరూ అనలేదండి. పూచీ నాది."

బండి మొదట దగ్గింది. రెండోసారికి అందుకుంది. అబ్బాయిరాజు చెవి పెట్టి విని, "పంటు పోయింది. పెళ్లివారికి ఏం చెప్పాలి?" అని ఇద్దరి మీదా విసుక్కుని, బండెక్కి వెళ్లిపోయాడు.

"రేపటి నుంచి రాకు" అన్నాడు ఏసురాజు.

"రానండి" అంది రెబెక్కా. చేతులు కడుక్కుని, కడగాల్సిన సామాను పళ్లెంలోనే వదిలేసి వెళ్లింది.

ఇప్పుడు ఆ రోడ్డులో రెండు షెడ్లున్నాయి. రెండోది రేవుకి దగ్గరగా, నాలుగు రేకుల కింద ఉంది. అక్కడా మొదటి కిక్కు కొట్టిన మనిషిదే పూచీ. అక్కడున్నది ఒక్క మనిషే. "దాని దగ్గరకి వెళ్తే బండికన్నా చెత్తబుట్ట ఎక్కువసేపు చూస్తది" అని ఏసురాజు వచ్చినవాళ్లందరికీ చెబుతాడు. ఆమె గురించి మంచి మాట అతని నోట ఇంతవరకు ఎవరూ వినలేదు. బోరు పనులు ఒప్పుకోవడం మాత్రం మానేశాడు.