పన్నెండిళ్ల కోడికూర

తాతారావుకి రాయగడలో సొంతిల్లు లేదు గానీ మంచి పేరుంది. ప్రజల తిండి మీద, పంటల మీద ప్రభుత్వ విధానాలు ఎలా పనిచేస్తున్నాయో పరిశోధించే ఒక స్వచ్ఛంద సంస్థలో ఇరవై రెండేళ్లుగా సర్వే చేస్తున్నాడు. సర్కారు దగ్గరా కంపెనీల దగ్గరా పైసా పుచ్చుకోని సంస్థ కాబట్టి దాని నివేదిక అంటే భువనేశ్వర్‌లో అధికారులు నమ్ముతారు. ఇల్లిల్లూ తిరిగి నిన్న ఏం తిన్నారో అడిగి రాసుకురావడం తాతారావు పని. తను రాసిన కాగితం ఒక్కటీ వెనక్కి రాలేదని చెప్పుకోవడం అతని జబ్బు.

రెండేళ్ల క్రితం పొట్టంగి పైకొండల్లో పన్నెండిళ్ల పల్లెకు వెళ్లాడు. బాగా పస్తులున్న పల్లెలేవో ఆ సర్వేతో తేలితే, వాటికి సర్కారు నెలనెలా పప్పూ గుడ్లూ ఇస్తుంది. మొదటి రోజు పేర్లు రాసుకోవాలి, మర్నాడు తిండి సంగతి అడగాలి.

ఊరికొచ్చిన మనిషికి వట్టి అంబలి పోసి పంపడం ఆ పల్లెలో సిగ్గుచేటు. సాలూరు సంతలో చింతపండు అమ్ముతూ తెలుగు నేర్చిన సుక్రి, చంకలో చంటిపిల్లతోనే వెళ్లి, గుడ్లు పెట్టే తన పెట్టను కోయించింది. ఇంకో రెండిళ్లవాళ్లు చెరో కోడీ ఇచ్చారు. తక్కినవాళ్లు దాచుకున్న బియ్యం, కందులు తెచ్చారు. అందరూ కలిసి వండుకుని అతనితో పాటు తిన్నారు. తాతారావు సిగ్గుపడకుండా మారు వడ్డించుకున్నాడు.

మర్నాడు పన్నెండిళ్లలోనూ ఒకటే జవాబు: అన్నం, పప్పు, కోడికూర. ఎవరూ అబద్ధమాడలేదు. కాగితంలో ఒక గడి ఉంది, నిన్న ఇంటికి చుట్టాలొచ్చారా అని. అవునంటే ఆ రోజు లెక్క పనికిరాదు, వారం పోయాక మళ్లీ ఆ కొండంతా ఎక్కాలి. పైగా ఆ చుట్టం తనేనని ఒప్పుకోవాలి. తాతారావు లేదని టిక్కు పెట్టాడు. పన్నెండుసార్లూ పెట్టాడు.

"బాగా రాసీసేరా బాబూ? పప్పొస్తాదా?" అంది సుక్రి.

"ఎందుకు రాదమ్మీ," అన్నాడు.

రాయగడ ఆఫీసులో లెక్కలు చూసే కిరణ్మయి మెచ్చుకుంది. "తాతారావుగారూ, కాగితాల్లో ఒక్క తప్పు లేదండి. ఆ పల్లె బానే తింటోంది." అప్పుడైనా నోరు విప్పొచ్చు. పెద్దమనిషి విప్పలేదు. పప్పూ గుడ్లూ లమ్తపుట్ వైపు పల్లెలకు వెళ్లాయి.

ఈ జూలైలో రెండో విడతకి వెళ్తే, సుక్రి గుమ్మంలో కూర్చుని గింజలు నిండుకుని, అంబలి కోసం మామిడి టెంకల జీడి దంచుతోంది.

"ఇంట్లో ఎంతమంది?" అనడిగాడు.

"ఇద్దరం బాబూ."

పాత కాగితంలో ముగ్గురున్నారు. పోయిన వానల్లో పిల్లకి జ్వరమొచ్చిందట. తట్టుకునే సత్తువ ఒంట్లో లేదని ఆస్పత్రిలో చెప్పారట.

"మాకు పప్పెందుకు రానేదు బాబూ?" అంది. నిందగా కాదు, తెలుసుకుందామని.

నిజం చెప్పడానికి అక్కడ అడ్డొచ్చేవాళ్లెవరూ లేరు. అయినా ఇరవై రెండేళ్ల పేరు మీద ఈగ వాలనిస్తాడా?

"ఆరోజు మీరు కోళ్లు కోసీసేరు కదమ్మీ. పప్పు, కూర తిన్నామని సెప్పేరు. అలాగ తినీవోళ్లకి గవర్మెంటెందుకిస్తాది? మీరే పాడుసేసుకున్నారు."

ఇంత నీచపు మాట అతని నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో. సుక్రి రోకలి పక్కన పెట్టింది.

"తెలీనేదు బాబూ. తప్పయిపోనాది," అంది. తర్వాత తలెత్తి అడిగింది, "అయితే నా పిల్లని నానే సంపుకున్నానా?"

కాదు అన్న ఒక్క మాట చాలు. తాతారావు గొడుగు విప్పుకుని పక్కింటికి నడిచాడు.