ఆంటీల ఉపవాసం, నా భటూరా

ముందే చెప్తున్నా, ఇంకో నెల దాకా నా ముందు ఎవ్వరూ ఛోలే భటూరే, అదే, శనగల కూరా మైదా పూరీల మాట ఎత్తకండి! టీ తాగుదాం, బిస్కెట్లు తిందాం, అంతే. మొన్న మంగళవారం ఆ భటూరా వల్ల జనక్‌పురి తెలుగు చర్చి ఆంటీలందరి ముందూ నా పరువు నిలువునా పోయింది. పోతే పోయింది గానీ, తల్చుకుంటే ఇప్పటికీ నవ్వాగట్లేదు. వినండి, వినండి!

మీకు తెలుసుగా, నా పీహెచ్‌డీ ఇడ్లీ పిండి మీద. మళ్లీ నవ్వుతున్నారు! అది మైక్రోబయాలజీ అండీ బాబూ. తెనాలిలో మా అమ్మ రాత్రి పిండి రుబ్బి మూత పెట్టి పడుకుంటే పొద్దున్నకి పొంగి గిన్నె దాటేస్తుంది. అదే పిండి ఢిల్లీ జనవరిలో రెండ్రోజులు పెట్టినా ఉలకదు, పలకదు. ఎందుకు పొంగదు, చలిలో కూడా పొంగాలంటే ఏ బ్యాక్టీరియాని వెయ్యాలి, ఇదీ నా రీసెర్చ్. మంగళవారం నాడు నా సినాప్సిస్ ప్రెజెంటేషన్. అంటే కమిటీ ముందు నిలబడి, "నేను చెయ్యబోయేది ఇదండీ" అని చెప్పి ఒప్పించాలి. పోయినసారి ఒప్పుకోలేదు. ఇది రీసెర్చా, వంటల ప్రోగ్రామా అన్నారు. పైగా సరిగ్గా మధ్యలో నా ఫోన్ మోగింది. రింగ్‌టోనేమో చర్చి పాట, తబలాతో సహా! ఈసారి కూడా కాదంటే నా సీటే పోతుంది. పెట్టె సర్దుకుని తెనాలి వెళ్లి, అమ్మతో కలిసి నిజంగానే ఇడ్లీ బండి పెట్టుకోవాలి.

ఆ భయంతోనే ఆదివారం చర్చిలో ప్రార్థన విన్నపాలు అడిగినప్పుడు చెయ్యెత్తాను. "మంగళవారం నా ప్రెజెంటేషన్ అండీ, రెండోసారి. దయచేసి ప్రార్థించండి" అన్నాను.

అంతే, రత్నకుమారి ఆంటీ లేచింది. ఈవిడ గురించి చెప్పాలి. ఊరు ఒంగోలు. ఇక్కడ పెద్ద హాస్పిటల్లో హెడ్ నర్సు. వార్డులో డాక్టర్లే ఆవిడ్ని చూసి చొక్కా గుండీలు సర్దుకుంటారట. స్త్రీల ప్రార్థన కూటం ఆవిడ చేతిలోనే ఉంటుంది.

"ఉత్త ప్రార్థన చాలదు. ఉపవాస ప్రార్థన! మంగళవారం పొద్దుట్నించీ మన ఆడాళ్లందరం ఉపవాసం. మంచినీళ్లు తప్ప ఏమీ ముట్టేది లేదు. గ్రేసీ, నువ్వు కూడా. నీది అయిపోగానే గ్రూపులో ఒక్క మెసేజ్ పెట్టు. అప్పటిదాకా మేం ముద్ద ముట్టం."

"అయ్యో, అంత ఎందుకాంటీ..."

"నువ్వు మాట్లాడకు."

రూతు ఆంటీకి షుగర్ కాబట్టి ఆవిడ తినాల్సిందే అని తీర్మానించారు. ఆవిడకి కోపమొచ్చింది. "నేనేం తక్కువ తిన్నానా? సరే, అన్నం తింటాగానీ ఆ రోజు టీ మానేస్తా" అంది. రూతు ఆంటీ టీ లేకుండా ఉండటమంటే మనం గాలి లేకుండా ఉండటమే! పాస్టరమ్మగారైతే దగ్గరికొచ్చి నా తల మీద చెయ్యి పెట్టి, "మెసేజ్ మాత్రం మర్చిపోకు తల్లీ" అన్నారు. అంత సౌమ్యురాలు, ఆవిడ మాట ఎవరు మర్చిపోతారు చెప్పండి?

మంగళవారం పొద్దున్నే గ్రూపు మార్మోగిపోయింది. వాక్యాలు, పాటలు, చేతులు జోడించిన బొమ్మలు. రత్నకుమారి ఆంటీ, "మీ అంకుల్ కూడా ఉపవాసమే" అని పెట్టింది. నేను, "అయ్యో, అంకుల్‌కి ఇష్టమేనా ఆంటీ?" అన్నాను. "పొయ్యే వెలిగించనప్పుడు ఇష్టంతో పనేముంది?" అని జవాబు.

డిపార్ట్‌మెంట్‌కి వెళ్లగానే మా గైడ్ మేడమ్ మొదటి మాట, "గ్రేసీ, ఫోన్!" వెంటనే ఆవిడ కళ్ల ముందే ఫ్లైట్ మోడ్‌లో పెట్టి బ్యాగు అడుగున పడేశాను. ఈసారి తబలా వాయిస్తే నన్ను ఆవిడే బయటికి పంపించేది.

పదకొండింటికి అన్నారా, కమిటీకి రావాల్సిన బయటి ప్రొఫెసర్ గుర్‌గావ్ ట్రాఫిక్‌లో ఇరుక్కున్నారు. నేనేమో ఖాళీ కడుపుతో కూర్చుని నా స్లైడ్లు నేనే చూసుకుంటున్నా. ఏమున్నాయి స్లైడ్లలో? ఇడ్లీలు! తెల్లగా, మెత్తగా, పొగలు కక్కుతూ! ఎవరు పెట్టమన్నారు నన్ను అంత పెద్ద ఫొటోలు? ఆయనొచ్చి నేను మొదలుపెట్టేసరికి లంచ్ టైమ్ కూడా అయిపోవచ్చింది. మూడో స్లైడ్ దగ్గర నా కడుపు గుర్ర్‌ర్ మంది. మామూలుగా కాదు, కాలర్‌కి మైకు తగిలించారు కదా, హాలంతా వినపడింది!

అందరూ పైకి చూశారు. ఏసీ అనుకున్నారు పాపం.

చివర్లో ఆ ప్రొఫెసర్, తలపాగా పెట్టుకున్న పెద్దాయన, కళ్లజోడు తీసి అడిగారు. "బేటా, సీధీ బాత్ బతావో. దిల్లీ కీ సర్దీ మే ఇడ్లీ ఫూలేగీ యా నహీ?" ఢిల్లీ చలిలో ఇడ్లీ పొంగుతుందా లేదా, సూటిగా చెప్పమన్నారు.

నాకెక్కడి ధైర్యం వచ్చిందో! "ఫూలేగీ సర్! జరూర్ ఫూలేగీ!" అని బల్ల గుద్ది చెప్పాను. వెంటనే నా కడుపు కూడా గట్టిగా ఔనంది. ఈసారి ఏసీ అని ఎవరూ అనుకోలేదు. ఆయన పగలబడి నవ్వి, "ఇస్ బచ్చీ కో పాస్ కరో, ఔర్ ఖానా ఖిలావో", ఈ పిల్లని పాస్ చేసి అన్నం పెట్టించండి అన్నారు.

పాస్! అర్థమైందా మీకు? పాస్! బయటికొచ్చి కారిడార్‌లో గెంతాను. నా రూమ్మేట్ ప్రీతి అక్కడే కాచుకుని ఉంది. హర్యానాలో హిసార్ అమ్మాయి. క్రిస్మస్‌కి మా చర్చికొచ్చి బిర్యానీ తిని, రత్నకుమారి ఆంటీతో ఫోన్ నంబర్లు కూడా మార్చుకున్న ఘనురాలు. ఇద్దరం కలిసి గెంతాం. ప్రీతి ఫోన్ లాక్కుని అమ్మకి చేశాను. అమ్మ ఏడ్చేసింది. ఏడుస్తూనే, "చర్చిలో ఆంటీ వాళ్లకి చెప్పావా?" అంది.

"ఇదిగో, చెప్తానమ్మా!"

నిజంగా చెబుదామనే అనుకున్నా. ఒట్టు! కానీ ప్రీతి నా చెయ్యి పట్టి లాక్కెళ్లింది. "చల్, చల్, ఛోలే భటూరే! పార్టీ మేరీ తరఫ్ సే!" పార్టీ తనదేనట. గేటు బయట కొట్లో భటూరా ఎలా వచ్చిందనుకున్నారు? నా మొహమంత! ఉబ్బి, బంగారు రంగులో, నూనె మెరుస్తూ. మామూలుగా ఏం తిన్నా కళ్లు మూసుకుని రెండు మాటలు ప్రార్థన చేసుకుని గానీ తినను. ఆ రోజు ఆ రెండు మాటలు అనుకున్నా ఆంటీలు గుర్తొచ్చేవాళ్లు. ఆకలికి కళ్లు మూసుకోవడమే మర్చిపోయాను! ప్రీతి ఫొటో తీసింది. ఇంకో భటూరా చెప్పింది. అది కూడా తినేశాను.

భటూరాలు తిన్న మనిషి తర్వాత ఏం చేస్తుంది? మునిర్కాలో మా రూముకి వెళ్లి మంచం మీద వాలాను. అంతకు ముందు వారమంతా సరిగ్గా నిద్రలేదేమో, ఒళ్లు తెలీకుండా పడుకున్నా.

లేచేసరికి కిటికీలో ఎండ పోయి బయట లైట్లు వెలుగుతున్నాయి. ఆహా, ఎంత హాయి, పాసయ్యాను, దేవుడెంత మంచివాడు అని ఒళ్లు విరుచుకుంటుంటే అప్పుడు తట్టింది.

ఆంటీలు!

మంచం మీంచి దూకాను. బ్యాగు బోర్లించాను. ఫ్లైట్ మోడ్ తీయగానే ఆ ఫోను నా చేతిలో వణికిన వణుకు చూడాలి! "ఇంకా అవలేదా గ్రేసీ?" "ప్రశ్నలు కఠినంగా వేస్తున్నారేమో, ఇంకా గట్టిగా ప్రార్థించండి." "ప్రభువా, కమిటీ వారి రాతి గుండెలు కరిగించు." "రూతుకి టీ లేక తల పగిలిపోతోంది, పక్కింటావిడతో పోట్లాడింది." "అంకుల్ వంటింట్లో తిరుగుతున్నారు, కాపలా ఉన్నాను." ఆ తర్వాత కాసేపు గ్రూపు నిశ్శబ్దం. చివర్న రత్నకుమారి ఆంటీది ఒక్కటే, "గ్రేసీ, నీ మెసేజ్ కోసం చూస్తున్నాం."

ఏడుపొచ్చేసింది నాకు. వార్డుకి సెలవు పెట్టి మరీ ఇంట్లో కూర్చుంది ఆవిడ. నాకోసం ఖాళీ కడుపుతో! నేనేమో భటూరా అరిగేదాకా గుర్రు పెట్టి పడుకున్నా. నిజం రాద్దామని మొదలుపెట్టి మూడుసార్లు చెరిపాను. ఇప్పుడే అయిందని రాద్దామా? ఛీ, పచ్చి అబద్ధం, అదీ ప్రార్థన గ్రూపులో! చివరికి నా పీహెచ్‌డీ బుర్రంతా వాడి ఇలా పెట్టాను: "దేవుని కృప వల్ల ప్రెజెంటేషన్ విజయవంతంగా ముగిసింది. అందరికీ వందనాలు." ఎప్పుడు ముగిసిందో రాయలేదు. అబద్ధం లేదు కదా, చూడండి కావాలంటే!

క్షణంలో రత్నకుమారి ఆంటీ జవాబు. "స్తోత్రం! అందరం మా ఇంట్లోనే ఉన్నాం. వెంటనే వచ్చెయ్. అన్నం వడ్డిస్తాం."

చచ్చాను! నేను వెళ్లేదాకా తినరన్నమాట! పరిగెత్తి మెట్రో ఎక్కాను. దారంతా ఛోలే తేన్పులు. నోట్లో యాలకులు వేసుకుని, తలుపు అద్దంలో చూసుకుంటూ నీరసం మొహం ప్రాక్టీస్ చేశాను. పక్కన కూర్చున్నావిడ జాలిపడి, "బేటీ, తబియత్ ఠీక్ హై?" అని ఒంట్లో ఎలా ఉందో అడిగింది. అబ్బ, బానే వస్తోంది అనుకున్నా.

జనక్‌పురిలో ఆంటీ ఇంటి తలుపు తీయగానే గుండె తరుక్కుపోయింది. సోఫాలో ఆంటీలంతా తలలొంచుకుని కూర్చున్నారు. రూతు ఆంటీ చున్నీతో కళ్లొత్తుకుంటోంది. పాస్టరమ్మగారు అటు తిరిగి ఉన్నారు గానీ, భుజాలు కదులుతున్నాయి. నాకోసం కన్నీళ్లతో ప్రార్థన!

"వచ్చావా తల్లీ! ఎంత చిక్కిపోయావే!" అని రత్నకుమారి ఆంటీ నన్ను తీసుకెళ్లి టేబుల్ దగ్గర కూర్చోబెట్టింది. కళ్లు మూసుకోమని ప్రార్థన చేసింది. కళ్లు తెరిచేసరికి ప్లేటులో అన్నం కొండలా ఉంది. దాని పక్కన గోంగూర, కోడికూర, చేపల పులుసు.

"మీరు కూడా కూర్చోండాంటీ..."

"ముందు నువ్వు. నువ్వు తినకుండా మేమెలా తింటాం?"

తిన్నాను. ఏం చెప్పమంటారు! కొండ కరుగుతుంటే ఆంటీ గరిటె దాన్ని మళ్లీ నింపుతోంది. "ఇంకో ముక్క, పొద్దుట్నించీ కష్టపడ్డావు." "పులుసు వేసుకో, కమిటీ వాళ్లు పిండేసుంటారు." లోపల భటూరాకీ చేపకీ యుద్ధం జరుగుతోంది. నుదుటి మీద చెమట. అప్పుడు ఆంటీ గరిటె కింద పెట్టకుండానే అంది. "ఇప్పుడు సాక్ష్యం చెప్పు తల్లీ. పొద్దుట్నించీ ఏం జరిగిందో, వరసగా, దేవుని సన్నిధిలో."

సాక్ష్యం! దేవుని సన్నిధిలో! ఇంక నావల్ల కాలేదు.

"ఆంటీ! నాది మధ్యాహ్నమే అయిపోయింది! నేను తినేశాను! రెండు భటూరాలు! ఛోలే మళ్లీ వేయించుకున్నాను కూడా! నన్ను క్షమించండాంటీ!"

అంతే, పాస్టరమ్మగారు, ఆ సౌమ్యురాలు, సోఫాలో పడిపడి నవ్వారు. రూతు ఆంటీ కూడా! ఇందాక కళ్లొత్తుకుంది నవ్వాపుకోలేక! రత్నకుమారి ఆంటీ ఫోను నా ముందు పెట్టింది. ప్రీతి స్టేటస్. నా మొహం, దాని పక్కన అంతే సైజు భటూరా. కింద, "డాక్టర్ గ్రేసీ కా భటూరా", అంటే డాక్టర్ గ్రేసీగారి భటూరా అట.

"ఇది చూసిన నిమిషానికే మేం అన్నాలు తినేశాం. మాకేమన్నా పిచ్చా? రూతయితే వరసగా టీలు తాగింది" అంది ఆంటీ.

"మరి నా మెసేజ్ కోసం చూస్తున్నామని పెట్టారు!"

"చూశాం. తినలేదని ఎక్కడన్నా రాశామా? పాస్టరమ్మగారు అబద్ధం రాయొద్దన్నారు. నువ్వు మాత్రం ఎప్పుడు ముగిసిందో రాశావా?"

పాస్టరమ్మగారు పక్కనొచ్చి కూర్చుని, "పాసయ్యావుగా తల్లీ, దానికోసమేగా అందరం అడిగింది" అన్నారు. అప్పుడు మాత్రం నిజంగా ఏడ్చేశాను. అమ్మ దూరంగా ఉన్న ఊళ్లో ఇంతమంది నాకోసం ఆకలితో కూర్చున్నారంటే సంతోషం పట్టలేకపోయాను. కడుపు కూడా పట్టలేకపోయింది, అది వేరే సంగతి.

వెళ్లేముందు హెడ్ నర్సు ఆర్డర్ వేసింది. "రేపు నువ్వు ఉపవాసం. మాకు బదులూ అవుతుంది, నీ కడుపుకి మందూ అవుతుంది. నేను సరే అని మెసేజ్ పెట్టేదాకా మంచినీళ్లే."

మర్నాడు బుద్ధిగా ఉన్నాను. పొద్దున్న బానే ఉంది. మధ్యాహ్నానికి ల్యాబ్‌లో పచ్చి పిండి కూడా కమ్మగా వాసనొచ్చింది. ఆగలేక గ్రూపులో పెట్టాను, "ఆంటీ, ఇంక తినొచ్చా?" జవాబు లేదు. ఫోన్ చేశాను, స్విచాఫ్. ఏం ఆపద వచ్చిందోనని కంగారుపడి వాట్సాప్‌లో ఆవిడ స్టేటస్ తెరిచాను.

ప్లేటు. ప్లేటులో బంగారు రంగు భటూరా, ఆంటీ మొహమంత. పక్కన అంకుల్, జన్మలో ఎప్పుడూ అంత ఆనందంగా కనపడలేదు. కింద రాసి ఉంది, "సిస్టర్ రత్నకుమారి కా భటూరా".