సోలార్ పలకలకు ఆయుధపూజ

గంగన్నకు నార్వే ఎక్కడుందో తెలియదు గానీ, ఆ దేశం వల్ల తన ఉద్యోగానికి ఎసరు వచ్చేటట్టుందని మాత్రం తెలుసు. బెళ్ళందూరులో తను పనిచేసే అపార్టుమెంటు సంఘాధ్యక్షుడు యశ్వంత్ నోట్లో రోజూ నానే దేశం అది. అక్కడి కరెంటు దాదాపు అంతా నీళ్ళతో తీసేదేనట. మనమూ ఆ దారిలోనే నడవాలట.

"నీళ్ళతోనా?" అన్నాడు గంగన్న. "మనకు తాగే నీళ్ళే ట్యాంకర్లో వస్తాండాయి కదప్పా."

"అందుకే మనకు సోలార్. పండగ మర్నాడు గెస్టులొస్తారు, ఎంత కరెంటు తీస్తున్నామో లాబీలో స్క్రీన్ మీద లైవ్ చూపించాల. యూనిట్లు తగ్గితే నిన్ను తీసేసి క్లీనింగ్ రోబో పెడదామంటోంది కమిటీ."

మడకశిర వైపు నుంచి వచ్చి, మట్టి పనుల్లో మోకాళ్ళు అరిగాక గంగన్నకు దొరికిన పని ఇది, మిద్దె మీది సోలార్ పలకలు కడగడం. జిగణిలో ఒంటిగది, భార్య ఆదెమ్మ మందులు, అన్నీ దీనిమీదే నడుస్తున్నాయి.

ఆయుధపూజ నాడు కార్లకు, లిఫ్టులకు, జిమ్ములోని ట్రెడ్‌మిల్లుకు కూడా బొట్లు పడ్డాయి. కూడు పెట్టే వస్తువును మరిచేవాడు కాదు గంగన్న. పలకలన్నీ కడిగి, ఒక్కోదానికీ నిండుగా మూడు విభూతి పట్టెలు తీర్చి, నడుమ అరచేతి వెడల్పున కుంకుమ పెట్టి, చామంతి దండలు వేశాడు. రోబో పీడ విరగడ కావాలని బూడిద గుమ్మడికాయ కూడా కొట్టాడు.

మర్నాడు మబ్బు తునకైనా లేదు. అయినా స్క్రీన్ మీద కరెంటు లెక్క చూపే గీత నేలబారుగా పాకింది. యశ్వంత్ అతిథులను వెంటబెట్టుకునే మిద్దె ఎక్కాడు.

"ఏం పని ఇది గంగన్నా? ఎండకు ఇంత అడ్డం పెడితే కరెంటెట్ల వస్తుంది?"

"పూజ చేయకుంటే మాత్రం ఎట్ల వస్తాదప్పా?"

ఉద్యోగం పోయిందనుకుని గంగన్న తడిగుడ్డ అందుకున్నాడు. అతిథుల్లో ఒకావిడ అడ్డుపడింది. "తుడవకండి ప్లీజ్. సంప్రదాయం, సస్టైనబిలిటీ ఒకే ఫ్రేములో. మా పత్రిక కవర్ ఇదే."

యశ్వంత్ ముఖం చకచకా సర్దుకుంది. "కాన్సెప్ట్ మాదే," అన్నాడు.

ఫొటో ఊరంతా తిరిగింది. చూడడానికి జనం బృందాలుగా వస్తున్నారు. రోబోకు బొట్లు పెట్టడం రాదు కాబట్టి గంగన్న ఉద్యోగం నిలబడింది. కడగడం మాన్పించి, రోజూ పొద్దున్నే పట్టెలు దిద్దమన్నారు. లాబీ స్క్రీన్ మీద ఇప్పుడు గీత లేదు, ఆ ఫొటోనే వెలుగుతుంది, బయటి లైను కరెంటుతో.

"చేతులు ఎండిపోయి ఉండాయే, కడిగే పని లేదా ఇప్పుడు?" అని అడిగింది ఆదెమ్మ.

"లేదు. కరెంటు ఎక్కువ రాకుండా చూసుకుంటాండా," అన్నాడు గంగన్న.